పారోస్‌లో దిగని అత్తాకోడళ్ళు

ఈద్ సెలవుల్లో మేము గ్రీసు వెళ్ళాం. పారోస్ అనే ద్వీపంలో కిటికీ తీస్తే సముద్రం కనిపించే గది ముందే మాట్లాడుకున్నాం. ఆ గది చాలా బాగుందని మా ఆయన, మా అమ్మాయి ఇప్పటికీ చెబుతుంటారు. నేనూ మా అత్తగారూ ఆ గది చూడలేదు. అసలు పారోస్‌లో కాలే పెట్టలేదు. ఎందుకు పెట్టలేకపోయామో, దానికి బదులు ఎక్కడ తేలామో చెబుతాను.

అల్ రువైస్

మేము దోహాలో మెసైమీర్ వైపు ఉంటాం. నేను వెస్ట్ బేలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయన శ్రీధర్ సైట్ ఇంజనీరు. నాది కాకినాడ, ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. అత్తగారు రాజవ్వ ఈ ఏడాదే మొదటిసారి మా దగ్గరికి వచ్చారు.

మా ఇద్దరికీ ఎప్పుడూ గొడవ లేదు. మాటలే తక్కువ. "హాసినీ, మీ అమ్మ చాయ్ తాగుతదా అడుగు" అని ఆవిడ వంటగదిలోంచి అంటే, "హాసినీ, తాగుతానని చెప్పు నానమ్మకి" అని నేను హాల్లోంచి అనేదాన్ని. మధ్యలో మా అమ్మాయి పోస్ట్‌మాన్ ఉద్యోగం చేసేది. అత్తగారి షుగరు, సూదులు, ఆసుపత్రి చీటీలు అన్నీ శ్రీధరే చూసుకునేవాడు. ఆ పెట్టె నేను ఎన్నడూ తెరవలేదు.

ఒక శుక్రవారం ఆవిడకి ఊరు చూపిద్దామని ఉత్తరాన అల్ రువైస్ దాకా వెళ్ళాం. చిన్న రేవు, చేపల పడవలు, ఎండుతున్న వలలు. అంతకుముందు టవర్లన్నీ చూపిస్తే "మంచిగున్నయి" అని ఊరుకున్న మనిషి, అక్కడ గట్టు మీద కూర్చుని లేవనంది. చాలాసేపటికి కొడుకును అడిగింది.

"గీ పడవెక్కితె ఎంత దూరం పోవచ్చురా?"

వచ్చినప్పటి నుంచి ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. శ్రీధర్‌కి అది మనసులో పడిపోయింది. ఓడల మీద ద్వీపం నుంచి ద్వీపానికి తిరిగే దేశమేదో వెతికి గ్రీసు తేల్చాడు. ఈ సంగతి ఫోన్లో వింటే గల్ఫునంతా దుబాయ్ అనే ఊళ్ళో ఉన్న ఆవిడ చెల్లెలికి అర్థం కాలేదు. "దుబాయ్‌లనే ఉన్నవు గద అక్కా, మళ్ళ ఏ దుబాయ్‌కి పోతున్నవు?" అని అడిగింది.

పిరేయస్

ఏథెన్స్ పక్కనే పిరేయస్ రేవు. తెల్లవారే సరికి అక్కడున్నాం. ఓడ వెనక భాగం పెద్ద నోరులా తెరుచుకుని ఉంది. అందులోకి కార్లు, గడ్డి మోపుల లారీలు, మోటారు సైకిళ్ళు, వాటి పక్కనే మనుషులు. చిన్నప్పుడు కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు గుర్తొచ్చింది నాకు. పంటు మీద ఎడ్లబండి ఎక్కితేనే మా అమ్మ భయపడేది.

"లారీలు గూడ ఎక్కుతున్నయి. మునుగదా?" అంది అత్తగారు హాసినితో.

"మునగదు నానమ్మా. పైన కేఫ్ కూడా ఉంది."

నిజంగానే ఉంది. పైన సోఫాలు, టీవీలు, నల్ల అంగీ వేసుకున్న ఒక ఫాదర్, బుట్టలో కుక్కపిల్ల, పేకాడే సైనికులు. కాఫీ ధర చూసి నేను రియాళ్ళలోకి మార్చుకున్నాను. ఆ ఒక్క కాఫీతో మా వీధి చివర టీ కొట్టులో బిల్డింగ్ మొత్తానికి కరక్ చాయ్ తాగించవచ్చు. అయినా కొనుక్కున్నాను. చేదుగా, చిక్కగా, చాలా బాగుంది.

శ్రీధర్ పాలకూర కూరిన పఫ్ ఒకటి కొని వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ "తింట, తింట" అని కాగితంలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత డెక్ మీదికి వెళ్ళి, కొంగు గట్టిగా చుట్టుకుని, గాలికి కళ్ళు చికిలించుకుంటూ అలాగే నిలబడింది. ఎవరైనా పలకరిస్తే విననట్టుగా నీళ్ళకేసి చూస్తూ ఉంది.

కిటికీలోంచి పారోస్

పారోస్ వస్తోందని మైకులో చెప్పగానే ఓడలో సగం మంది లేచారు. గ్రీకు ఓడలు రేవులో ఎక్కువసేపు నిలబడవు. దిగేవాళ్ళంతా ముందే కిందికి, లారీలున్న అంతస్తులోకి వెళ్ళి సిద్ధంగా ఉండాలి. శ్రీధర్ బ్యాగులన్నీ తీసుకుని హాసినితో ముందు వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నారు. నేను బయట నిలబడ్డాను.

ఆవిడ వచ్చేసరికి మెట్ల దగ్గర జనం కిటకిట. ఇటు కాదని పక్క మెట్ల వైపు తీసుకెళ్ళాను. అవి దిగితే మూసిన తలుపు. మళ్ళీ పైకెక్కి, ఇటు తిరిగి కిందికి దిగేసరికి గొలుసులు గలగలమంటూ ఓడ నోరు మూసుకుంటోంది. నేను చేతులూపాను, అరిచాను. ఒక నావికుడు నావైపు జాలిగా చూసి భుజాలు ఎగరేశాడు. "నక్సోస్," అన్నాడు. "నెక్స్ట్, నక్సోస్."

పైకి పరిగెత్తి కిటికీలోంచి చూశాం. గట్టు మీద చుట్టూ బ్యాగులతో శ్రీధర్. హాసిని మమ్మల్ని చూసి హుషారుగా చెయ్యి ఊపింది. ఊపుతున్న చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"వాడు గక్కడున్నడేంది? మనం గిక్కడున్నమేంది?" అంది అత్తగారు.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నరు?" అన్నాడు శ్రీధర్.

"ఓడలో."

"ఏ ఓడల?"

"నువ్వు దిగిన ఓడలోనే!"

శ్రీధర్ నెమ్మదిగా చెప్పాడు. తర్వాతి ద్వీపం నక్సోస్, దూరం కాదు, అక్కడ దిగి సాయంత్రం ఓడకు వెనక్కి రావచ్చు, కంగారు పడొద్దు. పెట్టేస్తాడనుకుంటుండగా మళ్ళీ అన్నాడు.

"అమ్మ సూది మందు నా బ్యాగులనే ఉండిపోయింది. రాత్రి అన్నానికి ముందు వేసుకోవాలె. అప్పటికల్లా ఎట్లనైనా వచ్చేయుండ్రి."

నక్సోస్ రేవు

నక్సోస్ రేవులోకి ఓడ వస్తుంటే ముందు కనిపించేది ఒక ద్వారబంధం. రెండంతస్తుల ఎత్తున్న పాలరాతి ద్వారం సముద్రం పక్కన గుట్ట మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు. ఎప్పుడో కట్టబోయి మానేసిన గుడి అట.

"ఇల్లు లేదు గాని దర్వాజ పెట్టిండ్రు," అంది అత్తగారు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే పరిస్థితిలో లేను.

రేవులో గాలి మనిషిని తోసేస్తోంది. టికెట్ల కొట్టులో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. గాలి పెరిగింది, సాయంత్రం ఓడలు లేవు, రేపు కూడా అనుమానమే అంది. ఇంత పెద్ద వార్తను ఆ పిల్ల చిరునవ్వుతో చెప్పింది. అక్కడివాళ్ళకి ఇది మనకి కరెంటు పోయినట్టే అనుకుంటాను.

రాత్రికి గది, అంతకంటే ముందు మందు. పైన బజారు ఉందని ఎవరో చూపిస్తే సన్నటి సందుల్లోంచి ఎక్కడం మొదలుపెట్టాం. తెల్లటి ఇళ్ళు, నీలం తలుపులు. ఈస్టరు పండగ దగ్గర పడుతోందని ఎక్కడ చూసినా సున్నాలు వేస్తున్నారు. గోడలకే కాదు, సందులో పరిచిన బండరాళ్ళ మధ్య అతుకులన్నిటికీ కుంచెతో తెల్లటి గీతలు గీస్తున్నారు. ఫొటోల్లో చూసి ఆ గీతలు ఎప్పుడూ అలాగే ఉంటాయనుకున్నాను. ప్రతి ఏడాదీ ఒక ఆడమనిషి నడుం వంచి గీస్తుందని తెలియలేదు.

వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖమంతా చెమట. అంత చల్లటి గాలిలో చెమట.

"ఏమైందత్తయ్యగారూ?"

"ఏం గాలె. కండ్లు తిరిగినట్టయితుంది." అంటూనే మెట్టు మీద కూలబడ్డారు. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది.

షుగరు పెరిగినా ప్రమాదమే, తగ్గినా ప్రమాదమే అని విన్నాను గానీ, ఏది ఎలా ఉంటుందో తెలియదు. శ్రీధర్‌కి ఫోన్ చేస్తే కలవడం లేదు.

"పొద్దున సూది వేసుకున్నారా?"

"ఏసుకున్న."

"ఏమైనా తిన్నారా?"

"తిన్న."

ఆవిడ చేతిసంచిలోంచి కాగితం పొట్లం జారి మెట్ల మీద పడింది. అందులో పఫ్ పెట్టినది పెట్టినట్టే ఉంది.

అప్పుడు కింది ఇంటి ముందు నుంచి కేక వినిపించింది. "ఎలా! ఎలా!"

తెలుగులో ఎవరు అడుగుతున్నారా అని ఉలిక్కిపడ్డాను. చేతిలో సున్నం కుంచెతో, తలకు గుడ్డ కట్టుకున్న ముసలావిడ, రమ్మని చెయ్యి ఊపుతోంది. గ్రీకులో 'ఎలా' అంటే 'రా' అని తర్వాత తెలిసింది. మేము కదలకపోయేసరికి ఆవిడే లోపలికి పరిగెత్తి, ఒక చిన్న పళ్ళెం, గ్లాసు పట్టుకొచ్చింది. పళ్ళెంలో పాకంలో ఊరిన దబ్బకాయ తొక్కలాంటి ముక్క, పక్కన చెంచా. అక్కడ ఇంటికి ఎవరొచ్చినా ముందు ఇచ్చే మర్యాద అదేనట. గ్లాసు చూపిస్తూ "నెరో, నెరో" అంది.

"నీరు అంటుంది," అంది అత్తగారు, అంత నీరసంలోనూ. నిజమే. గ్రీకులో నెరో అంటే నీళ్ళే.

చెంచా నోటి దగ్గర పెడితే అత్తగారు తల తిప్పేసుకున్నారు. "ఇయ్యాల సోమారం. ఒక్కపొద్దున్న."

అప్పుడు అర్థమైంది. సోమవారం ఉపవాసం. సూది వేసుకుని, కొడుకు తిడతాడని తిన్నట్టు నటించి, పొద్దుటి నుంచి మంచినీళ్ళ మీద ఉన్నారు. షుగరు పడిపోయింది.

"ఇది పండే. ఒక్కపొద్దుకి పండు తినొచ్చు. తినండి!" ఆవిడతో నేను గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి. ఆవిడ నావైపు ఆశ్చర్యంగా చూసి నోరు తెరిచారు. ఇంకో చెంచా. ఇంకోటి. కాసేపటికి చెయ్యి వణుకు తగ్గింది. చెమట ఆరింది. నేను ఆ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

ముసలావిడ నా వీపు మీద తట్టింది. నా నల్ల జాకెట్టు మీద తెల్లటి చెయ్యి అచ్చు పడింది.

మందుల షాపు

ఆవిడ పేరు ఇరీని. మేడ మీద రెండు గదులు అద్దెకిస్తుంది. మమ్మల్ని పాస్‌పోర్టు అడగలేదు, ఎన్నాళ్ళుంటారని అడగలేదు. అద్దె చెబితే నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. దోహాలో ఆ డబ్బుకి కారు కడగడం తప్ప పెద్దగా ఏమీ రాదు. మందు కావాలని చేతిలో పొడుచుకున్నట్టు సైగ చేస్తే, కుంచె పక్కన పెట్టి, స్వయంగా మందుల షాపుకి తీసుకెళ్ళింది.

షాపులో కుర్రాడికి ఇంగ్లీషు వచ్చు. వేలి మీద పొడిచి షుగరు చూశాడు. ఇప్పుడు ఫరవాలేదన్నాడు. ఈలోగా ఫోన్లో దొరికిన శ్రీధర్, మందు ఫొటో తీసి పంపాడు. చీటీ లేకుండా ఇవ్వకూడదని చెప్పి, ఆ కుర్రాడే డాక్టరుకి ఫోన్ చేసి, ఫోన్ నాకిచ్చి, అంతా నడిపించాడు. ఇవాళ ఇలా అయింది కాబట్టి ఈ రాత్రికి ముందు కాదు, తిన్నాకే వేయాలి, తినకపోతే వేయకూడదని రెండుసార్లు నా చేత చెప్పించాడు.

"మీ అమ్మగారా?"

"కాదు, అత్తగారు."

అతను అది ఇరీనికి గ్రీకులో చెప్పాడు. "పెథెరా!" అంటూ ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, రెండు చేతుల వేళ్ళూ పులిగోళ్ళలా వంచి, నవ్వింది. షాపులో అందరూ నవ్వారు. అత్తల మీద జోకులు అక్కడా ఉన్నాయన్నమాట.

"ఏమంటుంది?" అని అడిగింది మా అత్తగారు.

"మీరు చాలా మంచివాళ్ళంటోంది."

"గోర్లు ఎందుకు సూపెడుతుంది మరి?"

ఒక్కపొద్దు

పొద్దు గుంకగానే ఇరీని మమ్మల్ని వంటింట్లోకి పిలిచింది. ఈస్టరుకి ముందు వాళ్ళకీ ఉపవాసాలే. మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. దోహాలో రంజాన్ ఉపవాసాలు ముగిసిన వారంలో ఇక్కడికొస్తే ఇంకో ఉపవాసం నడుస్తోంది. టేబుల్ మీద చూసి అత్తగారి ముఖం వికసించింది. పచ్చగా, మెత్తగా ముద్దపప్పు! పైన ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. పేరు ఫావా. పక్కన ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం, నక్సోస్ బంగాళాదుంపలు, రొట్టె.

"ఒక్కపొద్దు ఇడిచెటోళ్ళకు గింతకంటె ఏం గావాలె?" అంది అత్తగారు. చేతిసంచిలోంచి వెల్లుల్లి దంచి చేసిన ఎల్లిగడ్డ కారం సీసా తీసి ఇరీని పప్పు మీద కాస్త చల్లింది. ఇరీని ఒక ముద్ద తిని, దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ పళ్ళెం ముందుకు జరిపింది.

తినడం అయ్యాక సూది వేశాను. ఎక్కడ గుచ్చాలో నేను తడుముకుంటుంటే ఆవిడే చెయ్యి పట్టుకుని చూపించింది.

"పొద్దున తినలేదని నాకు చెప్పొచ్చు కదా?" అన్నాను.

"వాళ్ళ నాయిన దుబాయ్‌ల ఉన్నన్నాళ్ళు జెరమొచ్చినా ఎవలకు చెప్పకపోయేదాన్ని. ఎవలున్నరు చెప్పెటందుకు? గదే అలవాటైంది." మామగారు గల్ఫులో చాలా ఏళ్ళు పనిచేశారని తెలుసు. ఆ ఏళ్ళు ఊళ్ళో ఈవిడకి ఎలా గడిచాయో ఎప్పుడూ అడగలేదు. "మొన్న గా చేపల రేవుల కూసున్నప్పుడు గదే సోంచాయించిన. గీ నీళ్ళకు అవతల ఉన్నం మేము, ఇవతల ఉన్నడు ఆయన. పడవెక్కితె ఎంత దూరమో అని."

కొంగు సర్దుకుని మళ్ళీ అంది. "నీకు చెప్దామంటె, నువ్వు మీరు మీరు అంటవు. అత్తయ్యగారు అంటవు. ఆఫీసుల మేడంకు చెప్పినట్టుంటది."

"అది గౌరవం అండీ. మా వైపు పెద్దవాళ్ళని నువ్వు అంటే మా అమ్మ చెంప పగలగొట్టేది."

"మా దిక్కు మీరు అనేది పట్వారిని. ఇంట్లోళ్ళను గాదు."

పెళ్ళైన నాటి నుంచీ నేను ఎంతో పద్ధతిగా ఆవిడని ఊరి లెక్కలు రాసే పట్వారిని చేసి కూర్చోబెట్టానన్నమాట. ఇద్దరం ఒకేసారి నవ్వడం మొదలుపెట్టాం. ఎందుకో తెలియకుండా ఇరీని కూడా నవ్వింది.

"సరే... నువ్వు... ఇంక పడుకో అత్తమ్మా," అన్నాను. ఆ చిన్న మాట అనడానికి సూది వేయడం కంటే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది.

ఓడలు లేని రోజు

మర్నాడూ గాలి తగ్గలేదు. పొద్దున్నే గాలిని తట్టుకుంటూ గుట్ట ఎక్కి ఆ పాలరాతి ద్వారం దగ్గరికి వెళ్ళాం. అత్తమ్మ ఇటు నుంచి అటు దాటి, అక్కడున్న సముద్రం చూసి, మళ్ళీ ఇటు దాటింది. నాకు ఫొటో తీయడం రాదంది గానీ నేర్పిస్తే తీసింది. అన్నిటిలోనూ నా తల లేదు.

దారిలో బజారులో ఒక ముసలాయన ఆలివ్ కాయలు రుచి చూడమని చేతిలో పెట్టాడు. అత్తమ్మ ముఖం చిట్లించి, "ఊరవెట్టుడు సరిగ్గ రాలేదు," అని తీర్పు చెప్పింది. ఆయన అది మెచ్చుకోలు అనుకుని ఇంకో గుప్పెడు పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి ఇరీని సగంలో ఆపిన పని మళ్ళీ మొదలుపెట్టింది. నడుం నొప్పేమో, రెండు గీతలకోసారి లేచి నిలబడుతోంది. అత్తమ్మ చూసి చూసి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, ఇంకో కుంచె అందుకుంది. ఇరీని వద్దంది. అత్తమ్మ వినలేదు. ఇద్దరూ సందుకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుని గీసుకుంటూ వచ్చారు. ఒకావిడ గ్రీకులో, ఇంకొకావిడ జగిత్యాల తెలుగులో, ఆగకుండా మాట్లాడుకున్నారు. నేను పాత డబ్బాలో సున్నం కలిపి ఇచ్చాను. ఆఫీసు నుంచి మెయిల్ వస్తే చూడలేదు.

శ్రీధర్ వచ్చాడు

ఆ మరుసటి మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. శ్రీధర్, హాసిని మొదటి ఓడలోనే వచ్చారు. రెండు రోజుల గడ్డం, నాలుగు బ్యాగులు, భయం భయంగా సందు ఎక్కి వచ్చాడు. వాళ్ళమ్మ మంచం మీద ఉంటుందనుకున్నాడు. ఆవిడ మిగిలిన చివరి బండలకి సున్నం గీస్తూ కనిపించింది.

"అమ్మా! ఏం చేస్తున్నవే?"

"అంచుకు నడువు బిడ్డా, తడి ఉన్నది," అంది తల ఎత్తకుండా.

అతను బ్యాగులతో గోడకి ఆనుకుని, ఒక్కో బండ మీద మునివేళ్ళతో నడుచుకుంటూ వచ్చాడు. సాయంత్రం పారోస్‌కి ఓడ ఉందనీ, గది ఇంకా మన పేరు మీదే ఉందనీ, అక్కడి నుంచి సూర్యాస్తమయం అద్భుతంగా ఉంటుందనీ చెప్పాడు. అత్తమ్మ నావైపు చూసింది. నేను అత్తమ్మ వైపు చూశాను. హాసిని అప్పటికే కుంచె లాక్కుంది.

మిగిలిన సెలవంతా నక్సోస్‌లోనే గడిపాం.

తిరుగు ఓడ

మేము తిరిగి వచ్చే రోజు ఇరీని రేవు దాకా దిగి వచ్చింది. పాకంలో ఊరిన ముక్కల సీసా ఒకటి బట్టలో చుట్టి అత్తమ్మ చేతిలో పెట్టింది. ఖాళీ అవుతున్న ఎల్లిగడ్డ కారం సీసా అత్తమ్మ ఆవిడకి ఇచ్చేసింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. ఇరీని గబగబా ఏదో చెప్పింది. ఓడ వైపు చూపించింది, తన ఇంటి వైపు చూపించింది, శ్రీధర్ వైపు చూసి చెయ్యి విదిలించింది, మళ్ళీ ఏదో చెప్పి అత్తమ్మ బుగ్గలు రెండూ ముద్దు పెట్టుకుంది.

ఓడ కదిలాక డెక్ మీద నేను అడిగాను. "ఏమందత్తమ్మా?"

"మళ్ళ రమ్మన్నది," అంది అత్తమ్మ. వెనక బెంచీ మీద బ్యాగులు లెక్కపెట్టుకుంటున్న కొడుకు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "ఈసారి వానికి చెప్పకుండ రమ్మన్నది."